నూటపద్దెనిమిదో నంబరు తాళం

పోలేరయ్యను చంపినవాళ్లు అన్నీ పద్ధతిగానే చేశారు. చెప్పుల దగ్గరకొచ్చేసరికి పప్పులో కాలేశారు.

అల్లూరికి తూర్పున రొయ్యల గుంటల మధ్య, పొద్దున ఏడున్నరకే జనం మూగారు. గట్టు మీద మోటార్ల స్టార్టర్ డబ్బా. దాని ముందు పోలేరయ్య వెల్లకిలా పడి ఉన్నాడు. కుడి అరచెయ్యి నల్లగా కమిలిపోయింది. డబ్బా తలుపుకి తాళంచెవి ఇంకా వేలాడుతోంది. కాపలా మనిషి, కరెంటు డబ్బా, తడినేల. ఇంకో కారణం ఎవరికి కావాలి? షాక్ కొట్టిందని తేల్చేశారు. వచ్చిన పోలీసాయన కూడా అదే రాసుకుని టీకి వెళ్లాడు.

సుకుమార్ మాత్రం చెప్పుల వైపే చూస్తున్నాడు. రబ్బరు చెప్పులు, గట్టు మీద జంటగా, గుడి ముందు విడిచినంత బుద్ధిగా ఉన్నాయి.

ఆ చుట్టుపక్కల వాళ్లకి సుకుమార్ అంటే రొయ్యపిల్లల పరీక్షా కేంద్రంలో ఉద్యోగి. సీసాల్లో గుంట నీళ్లు పట్టుకుపోయే మనిషి. ఢిల్లీలో ఒక ఫైల్లో అతని హోదా వేరు. ఫీల్డ్ ఏజెంట్, ఈస్ట్ కోస్ట్ డెస్క్. పోలేరయ్య హోదా కూడా వేరే. ఊరికి గుంటల కాపలావాడు, డెస్క్‌కి ‘నత్త’. సముద్రం మీద దీపం లేని పడవ ఏది కనపడినా ముందు తెలిసేది అతనికే.

"సార్."

పక్కన గంగాభవాని నిలబడి ఉంది. పోలేరయ్య భార్య. ఏడుపు అప్పటికే అయిపోయింది. గొంతు పొడిగా ఉంది.

"మా ఆయన చెప్పులు విడిచి ఆ డబ్బా ముట్టుకునే మనిషి కాదు. పదేళ్లుగా చూస్తా ఉండాను. చెప్పులేసుకుని, చెయ్యి లుంగీకి తుడుచుకుని, అప్పుడు తాళం తీస్తాడు. ఎవరో విడిపించినారు."

"తెలుసమ్మా."

"మీకు పని చేస్తా ఉండాడని నాకు తెలుసు. నాకు తెలుసని ఆయనకే తెలీదు. మీరు ఇంకెవురికి చెప్పినారు?"

"ఎవరికీ చెప్పలేదు. రాసిపెట్టుకున్నాం."

"యాడ?"

"ఆఫీసు బీరువాలో. తాళం వేసి."

"తాళం ఏసినారు గదా. మరి ఎట్టా బయటికొచ్చింది?"

దానికి జవాబు ఆ గట్టు మీద చెప్పేది కాదు. జనం శవాన్ని లేపుతుంటే, డబ్బాకి వేలాడుతున్న తాళంచెవి లాగి జేబులో వేసుకున్నాడు.

*

పరీక్షా కేంద్రం వెనక గదికి రెండు తలుపులు. మొదటిదాని దగ్గర కోడ్ చెప్పాలి.

"నీళ్లలో ఉప్పెంత?" స్పీకర్‌లోంచి గొంతు.

"ఇరవై రెండు. తగ్గుతోంది."

రెండో తలుపుకి వేలిముద్ర. పైన నాలుగు కెమెరాలు, నాలుగూ తలుపుల్నే చూస్తుంటాయి. విదేశాల నుంచి తెప్పించిన సరంజామా. లోపల చీఫ్ విజయభాస్కర్ బోర్డు మీద రాస్తున్నాడు: ఆపరేషన్ శాండ్‌బార్. మనిషి పోయినా చీఫ్ ముందు పేరు పెడతాడు, తర్వాతే విచారిస్తాడు.

"కూర్చో. బ్రీఫింగ్ రెండు నిమిషాలే. ‘గ్రే హెరాన్’ అని విదేశీ రింగ్. వాకాడు నుంచి ఇసకపల్లి దాకా మన తీరం మీద సరుకు దించాలని చూస్తున్నారు. అడ్డం మన పదకొండుమంది మనుషులు. వాళ్ల పేర్లు కంప్యూటర్లో పెడితే హ్యాక్ చేస్తారని ఒకే కాగితం మీద రాయించాం. పేరు, ఊరు, ఎడమ బొటనవేలి ముద్ర. అవునా?"

"అవును సార్."

"ఈ తెల్లారుజామున పట్టిన మెసేజ్ ఇది. విను." చీఫ్ కళ్లజోడు పెట్టుకున్నాడు. "‘శాంపిల్‌గా ఇచ్చిన పేరు నిజమే. మిగతా పదీ కొంటాం. ఫోటోలు నమ్మం. వేలిముద్రలున్న అసలు కాగితం కావాలి. ఈరోజు సాయంత్రం అయిదు, ఇసకపల్లి రేవు.’ మెసేజ్ చూసి బీరువా తీశాను. కాగితం లేదు."

శాంపిల్. పోలేరయ్య ప్రాణం శాంపిల్‌గా పోయింది.

"ఆ బీరువాకి రెండే చెవులు," చీఫ్ అన్నాడు. "ఒకటి నా జేబులో ఉంది. రెండోది నీ దగ్గరుంది. తాళం పగలలేదు, గీత కూడా పడలేదు. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. సాయంత్రం ఆరింటికి ఢిల్లీకి నా రిపోర్టు వెళ్తుంది సుకుమార్. అందులో నీ పేరుంటుంది."

ఆరేళ్లు ఉప్పుగాలిలో నానిన మనిషికి దక్కిన మర్యాద అదీ. సుకుమార్‌కి కోపం కూడా రాలేదు. లేచి బీరువా దగ్గరికి వెళ్లాడు. జేబులోంచి పోలేరయ్య తాళంచెవి తీశాడు. మసి అంటిన చెవి. బీరువా తాళంలో దూర్చి తిప్పాడు.

టక్‌మని తెరుచుకుంది.

విజయభాస్కర్ బోర్డు వదిలి దగ్గరికొచ్చాడు.

"ఇది రొయ్యల గుంట స్టార్టర్ డబ్బా చెవి సార్. తాళం మొహం మీద నంబరు చూడండి, నూటపద్దెనిమిది. డబ్బా మీదా అదే. లోపల అయిదు ఇత్తడి రేకులు, ఒక్కో రేకు వెనక వెంట్రుకంత స్ప్రింగు. సరైన చెవి దూరితే రేకులు గొట్టంలోకి సర్దుకుంటాయి, గొట్టం తిరుగుతుంది, వెనక తలుపుని పట్టుకునే నాలుక పక్కకి జరుగుతుంది. అంతే. టేబుల్ సొరుగులకి, ఉత్తరాల పెట్టెలకి, షాపుల్లో అద్దాల షోకేసులకి వేస్తారు. కంపెనీవాడు కొన్ని రకాల చెవులే చేస్తాడు. నంబరు చదివి బజార్లో అడిగితే చేతిలో పెడతాడు. అరిగిన చెవి ఏదైనా కాస్త ఆడిస్తే ఇంకా తేలిక."

"అయితే గుంటలవాళ్లకి ఇదే నంబరు ఎందుకుంది?"

"కావాలనే పెట్టుకున్నారు. కరెంటు పోయి, నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగితే గంటలో రొయ్య అంతా చచ్చి తేలుతుంది. గుంట ఎవరిదైనా, దగ్గరున్నవాడు డబ్బా తీసి జనరేటరుకి మార్చాలి. అందుకని ఈ గట్ల మీద అందరూ నూటపద్దెనిమిదే అడిగి తెచ్చుకుంటారు. ఒక్క చెవి ఎవరి మొలతాడుకున్నా చాలు. ఆ తాళం ఆపేది కాకినీ, కుక్కనీ, వాననీ. మనిషిని కాదు. మనం పరీక్షా కేంద్రంలా కనపడాలని, గుంటలకి సామాను అమ్మే కొట్లోనే బీరువా కూడా కొన్నాం. వాడు గంపగుత్తగా తెచ్చిన తాళాల్లో ఒకటి మనకీ బిగించాడు."

"ఇది నీకు ముందే తెలుసా?"

సుకుమార్ బీరువా పై సొరుగులోంచి ఒక కాగితం తీసి టేబుల్ మీద పెట్టాడు. రెండేళ్ల నాటిది. ‘విషయం: బీరువా తాళం మార్చుట గురించి.’ కింద చీఫ్ స్వహస్తాలతో ఆకుపచ్చ సిరా. ‘చూచితిని. ఫైలు చేయవలెను.’ ఫైలు చేశారు. ఏ తాళం మార్చమని రాశాడో ఆ తాళం వెనకే దాచారు.

చీఫ్ కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు. "ఇది ఎవరెవరికి తెలుసు?"

సుకుమార్‌కి రెండేళ్ల కిందటి రోజు గుర్తొచ్చింది. కాగితం మీద వేలిముద్ర వేయడానికి వచ్చిన పోలేరయ్య బీరువా చూసి నవ్వాడు. "సార్, ఇది మా డబ్బా తాళం గదా," అని మొలతాడు చెవితో చటుక్కున తీసేశాడు. గదిలో ముగ్గురే ఉన్నారు. పోలేరయ్య, తను, ట్రైనింగ్‌లో ఉన్న బిందు. ఆ రేకుల సంగతి బిందుకి తాళం విప్పి మరీ చూపించింది తనే.

"బిందుకి తెలుసు," అన్నాడు. "పోయిన మంగళవారం ఆమె డీబ్రీఫింగ్‌కి వచ్చింది. తలుపు తీసిన వేలు మీదే సార్. మధ్యలో ఢిల్లీ ఫోనొస్తే మీరు బయటికెళ్లారు."

*

బిందు గురించి చెప్పాలంటే, ఆమె అటూ ఇటూ నడిచే కత్తి. ఇసకపల్లి దగ్గర నరేంద్రబాబు అని రొయ్యల ఎగుమతిదారు ఉన్నాడు. అతని దగ్గరికి వచ్చే విదేశీ అతిథుల్లో సగంమంది రొయ్యల కోసం రారు. అతని గెస్ట్‌హౌస్‌లోకి బిందుని ఏజెంటుగా దింపింది సుకుమారే. పట్టుచీర కట్టి నల్లద్దాలు పెట్టి, నాలుగు రకాల ఇంగ్లీషు మాట్లాడుతుంది. లిప్‌స్టిక్‌లో కెమెరా ఉంటుంది. తమ మనిషేనని వాళ్లనుకున్నారు, మన మనిషేనని మనం అనుకున్నాం. రెండేళ్లు బాగానే నడిచింది.

మధ్యాహ్నం ఒంటిగంటకి గెస్ట్‌హౌస్ వెనక గేట్లోంచి నీలం చొక్కా వేసుకుని, టూల్‌బాక్స్ పట్టుకుని ఏసీ మెకానిక్ లోపలికి వెళ్లాడు. మీసానికి రంగు, నోట్లో వక్కపలుకు. సుకుమార్‌ని ఎవరూ రెండోసారి చూడలేదు. కింద భోజనాల గదిలోంచి బిందు నవ్వు వినపడుతోంది.

ఆమె గది తలుపుకి గట్టి తాళమే ఉంది గానీ, ఏసీ అనగానే పనిమనిషి తీసిపెట్టి వెళ్లింది. మంచం కింద వెండిరంగు మేకప్ పెట్టె. చూడ్డానికి బ్యాంకు లాకరంత దర్జాగా ఉంది. దాని తాళం నూటపద్దెనిమిది కంటే ఘోరం. లోపల రేకులు కూడా ఉండవు, రెండు అడ్డుగోడలుంటాయి. తప్పుడు చెవి ఆ గోడలకి తగిలి ఆగుతుంది. గోడలకి అందనంత సన్నటి తీగ తీసుకుని కొస వంచితే, నేరుగా వెళ్లి నాలుకని తిప్పేస్తుంది. సుకుమార్ పిన్నీసు వంచాడు. తొమ్మిది అంకెలు లెక్కపెట్టేలోపు పెట్టె తెరుచుకుంది.

పౌడరు డబ్బాల కింద గోధుమరంగు కవరు. అంటించలేదు, మడతపెట్టి ఉంది. లోపల ఆ కాగితం. పదకొండు ఊదారంగు వేలిముద్రలు. అయిదోది పోలేరయ్యది. కాస్త పక్కకి జరిగింది, సిగ్గుపడుతూ వేశాడు ఆ రోజు.

కాగితం తీసుకున్నాడు. కవరు ఖాళీగా ఉంటే ఆమెకి అనుమానం వస్తుంది, కొనేవాడు జారుకుంటాడు. జేబులో అదే సైజు, అదే మడతలో ఇంకో కాగితం ఉంది. దాన్ని కవర్లో పెట్టాడు.

ఆ కవరు వాళ్లు విప్పిన క్షణం బిందు బతకదు. అది అతనికి తెలుసు. మెరైన్ పోలీసులకి ఫోన్ చేశాడు. తర్వాత గంగాభవాని ఇంటికి వెళ్లి పోలేరయ్య విసురువల అడిగాడు.

"వల ఎందుకు సార్?"

"ఆయన పని సగంలో ఉందమ్మా."

ఆమె ఇంకేమీ అడక్కుండా దండెం మీంచి వల తీసి ఇచ్చింది.

*

అయిదింటికి ఇంకా ఎండ చురుక్కుమంటోంది. రేవులో బోర్లించిన పడవ పక్కన తలకి తువ్వాలు చుట్టుకున్న మనిషి వల చిక్కు తీస్తున్నాడు. ఆరేళ్లలో పోలేరయ్య అతనికి రెండు విద్యలు నేర్పాడు. ఒకటి బీరువా తీయడం, రెండోది వల విసరడం. పడవలకి అవతల, సర్వితోపులో ఎనిమిదిమంది పోలీసులు బోర్లా పడుకుని ఉన్నారు.

నరేంద్రబాబు తెల్లచొక్కాలో వచ్చాడు. పక్కన పొడుగాటి విదేశీయుడు, పేరేదైనా వాళ్లు మిస్టర్ గ్రే అంటారు. వెనక బిందు. ఒడ్డున స్పీడ్‌బోటు ఇంజన్ ఆపకుండా గుర్రుమంటోంది.

"పేజీ," అన్నాడు గ్రే, చెయ్యి చాపి.

బిందు కవరు ఇచ్చింది. గ్రే మడత విప్పి, ముద్రలు కనపడక, కాగితాన్ని నరేంద్రబాబు చేతిలో కుక్కాడు. "చదువు," అన్నాడు ఇంగ్లీషులో.

నరేంద్రబాబు చదివాడు. "గౌరవనీయులైన చీఫ్ గారికి. విషయం, బీరువా తాళం మార్చుట గురించి. అయ్యా, పై విషయమై తమకు మనవి చేయునదేమనగా..." అతని గొంతు ఆగిపోయింది. "ఏందమ్మా ఇది? ఆటలాడుతుండావా?"

బిందు మొహం పాలిపోయింది. ఆ ఉత్తరం ఆమెకి తెలుసు. కళ్లు రేవంతా వెతికి, తువ్వాలు కట్టుకున్న మనిషి దగ్గర ఆగాయి.

గ్రేకి తెలుగు రాకపోయినా మోసం అర్థమైంది. కోటు లోపల్నుంచి పిస్తోలు తీశాడు. బిందు నుదుటికి గురిపెట్టాడు. ట్రిగ్గర్ మీద వేలు బిగిసింది.

వల గాల్లో గుండ్రంగా విచ్చుకుంది. సీసపు గుళ్లు గ్రే తల మీద, భుజాల మీద ధబధబా పడ్డాయి. పిస్తోలు పేలింది, గుండు బిందు కాళ్ల దగ్గర ఇసుకలో దిగింది. సుకుమార్ వలతాడు లాగాడు. మిస్టర్ గ్రే ఇసుకలో బోర్లాపడ్డాడు. తోపులోంచి పోలీసులు పరిగెత్తుకొచ్చారు. నరేంద్రబాబు స్పీడ్‌బోటు దాకా కూడా వెళ్లలేకపోయాడు.

నిన్న రాత్రి స్టార్టర్ డబ్బా తలుపుకి లోపల్నుంచి కరెంటు తీగ కట్టి, పోలేరయ్య చెప్పులు లాగేసి అతని చేత ముట్టించింది తన మనుషులేనని జీపెక్కేలోపే ఒప్పుకున్నాడు. డబ్బా ఎలా తీశారంటే, చెవి ఎవరి దగ్గరైనా దొరుకుతుందిగా అన్నాడు.

చేతులకి బేడీలు పడ్డాక బిందు సుకుమార్ వైపు తిరిగింది. "బాగా విసిరారు గురువుగారూ. నన్ను కాపాడాలని విసిరారా, వాణ్ని పట్టాలనా?"

"రెండూ. ఎందుకు చేశావ్ బిందూ? పోలేరయ్య నీకేం చేశాడు?"

"ఏం చెయ్యలేదు." ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఆ కాగితంలో పదకొండో పేరు ఎవరిది? నాదే కదా. పోలేరయ్య నవ్వుతూ ఆ బీరువా తీసిన రోజు మీరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. నా ప్రాణం డబ్బా తాళం వెనక ఉంది. ఎవడో ఒకడు ఎప్పుడో తీస్తాడు, అమ్ముతాడు. రెండేళ్లు మార్చలేదు. మీరు ఉత్తరం రాసి ఊరుకున్నారు. వాడెవడో అమ్మేలోపు నేనే అమ్ముకుని, నా పేరు వదిలేస్తామని వాళ్ల దగ్గర మాట తీసుకుని బయటపడదామనుకున్నాను."

"అమ్మిన మొదటి పేరు అతనిదే ఎందుకు?"

"ఆ తాళం తియ్యగలడని మీకు తెలిసినవాడు అతనొక్కడే. దొంగతనం అతని మీదికే పోతుందనుకున్నాను."

సుకుమార్ ఆమెని కొట్టలేదు. కొట్టాలన్నంత కోపం వచ్చింది. ఆ కోపంలో సగం తన మీదే ఉంది. ఉత్తరం రాసి ఊరుకున్నది నిజం.

*

ఆరింటికి ఢిల్లీకి రిపోర్టు వెళ్లింది. అందులో సుకుమార్ పేరు లేదు. దొంగగానూ లేదు, పట్టినవాడిగానూ లేదు. ‘చీఫ్ గారి ముందుచూపుతో’ అని ఉంది.

"కాగితమేది?" అడిగాడు విజయభాస్కర్.

"సముద్రంలో పోయింది సార్."

పోలేదు. ఆ రాత్రి ఇంట్లో కత్తెరతో పదకొండు ముక్కలు చేశాడు. మర్నాడు నీళ్ల సీసాలు పట్టుకుని ఊరూరా తిరిగి, ఎవరి ముక్క వాళ్ల చేతిలో పెట్టాడు. చింపుకుంటారో, పొయ్యిలో వేసుకుంటారో వాళ్లిష్టం. పేర్లు అతని తలలో ఉన్నాయి, అక్కడికి చెవి ఇంకా ఎవరూ చెయ్యలేదు. పదకొండో ముక్క మాత్రం ఏం చెయ్యాలో తెలియక జేబులోనే ఉండిపోయింది.

గంగాభవాని తన ముక్కని వెలుతురుకి ఎత్తి చూసింది. "ఇది ఆయన ఏలేనా?"

"ఆయనదే."

"దేశానికి పని చేసినాడని వేరే కాయితం ఏమైనా ఇస్తారా?"

"ఇవ్వరమ్మా. అడిగితే అలాంటి మనిషే లేడంటారు."

ఆమె తల ఊపింది. కొత్తగా విన్నట్టు లేదు. ముక్కని కొంగున ముడేసుకుంది. "వల మడిచి తెచ్చినారు, మంచిది. తాళం మార్చినారా?"

"మారుస్తున్నారు."

నెల తర్వాత నిజంగానే కొత్త బీరువా వచ్చింది. ఢిల్లీ మంజూరు చేసింది, పరీక్షా కేంద్రం వేషం చెడకూడదని మళ్లీ ఆ కొట్టులోనే కొన్నారు. విజయభాస్కర్ దాని రంగు చూసి మురిసిపోయాడు. సుకుమార్ మాట్లాడకుండా జేబులోంచి మసి అంటిన చెవి తీసి దూర్చి తిప్పాడు. టక్‌మంది.

"ఒక ఉత్తరం పెట్టు," అన్నాడు చీఫ్. "కాపీ ఫైలు చెయ్యి."

సుకుమార్ ఉత్తరం రాశాడు. కాపీ తెచ్చి కొత్త బీరువాలో పెట్టి తాళం వేశాడు. లోపల దాచడానికి ఆ ఉత్తరం తప్ప ఇంకేమీ లేదు గనక, నూటపద్దెనిమిదో నంబరు దానికి చాలు.